మస్కట్ రాయి

మా కోనసీమలో రాయి పుట్టదు. గోదావరి మోసుకొచ్చి పోసిన మట్టి ఇది. ఎంత లోతు తవ్వినా ఒండ్రు, ఇసక, మళ్లీ ఒండ్రు, ఆ కింద నీళ్లు. ఏటిగట్టుకి పేర్చిన రాళ్లూ, రోడ్లకి పోసే కంకరా, వంటింట్లో రుబ్బురోలూ అన్నీ ఎగువ నుంచి లారీల మీద వచ్చినవే. చిన్నప్పుడు మామిడికాయలు కొట్టడానికి మేం మట్టిబెడ్డలు విసిరేవాళ్లం. అవి కొమ్మకి తగిలి పొడై మా కళ్లలోనే పడేవి.

అందుకే మా తమ్ముడు, ఇక వెళ్లనని మస్కట్ నుంచి తిరిగొచ్చిన రోజున, సూట్‌కేసు అడుగు నుంచి తువ్వాల్లో చుట్టిన రాయిని తీసి మంచం మీద పెడితే అందరం చుట్టూ మూగి చూశాం. పీచు ఒలవని కొబ్బరికాయంత ఉంది. ఇటుకపొడి రంగు. తడి మట్టిని ఎవరో వేళ్లతో గీరినట్టు పైనుంచి కిందికి లోతైన గాట్లున్నాయి.

“ఏర్‌పోర్టులో ఆపలేదురా?” అన్నాను.

“ఆపకేం! కస్టమ్సాయన పెట్టె విప్పించేడు. ‘ఇదేంటి?’ అన్నాడు. రాయండి అన్నాను. ‘రాయని నాకూ కనపడుతోంది, ఎందుకు?’ అన్నాడు. మా ఊళ్లో ఉండవండి అన్నాను. లోపల బంగారం ఏమన్నా దాచేనేమోనని మెషిన్లో పెట్టి మరీ చూసేడు. చూసి, ‘ఏ ఊరు బాబూ మీది?’ అన్నాడు. కోనసీమండి అన్నాను. ‘అయితే పట్టుకెళ్లు’ అని పంపేసేడు.”

మా మరదలు అప్పటికే పెట్టెకి ఏర్‌పోర్టులో చుట్టిన పల్చటి ప్లాస్టిక్కుని ఉండ చేస్తోంది. “అందరి మొగుళ్లూ బంగారం తెస్తారు, ఈయన బండరాయి తెచ్చేరు బావగారూ. మెళ్లో వేసుకుని పేరంటానికి వెళ్లాలేమో అడగండి,” అంది. నవ్వుతూనే అంది. చూపు మాత్రం వాడి పాదాల మీదుంది. చెప్పులు విప్పాక పట్టీల ముద్రలు లోతుగా, అలాగే ఉండిపోయాయి. వాపు అంత ఉందని ఆమెకి ఫోన్లో తెలియలేదు.

“ఆ ప్లాస్టిక్కు పారెయ్యకు, దాంతో పనుంది,” అన్నాడు తమ్ముడు.

వాడు అక్కడ ఒక పెద్ద హోటల్లో తోటపని చూసేవాడు. ఎండలో నీళ్లు తాగితే మూత్రానికి వెళ్లాలి. వెళ్లాలంటే తోట ఈ కొస నుంచి ఆ కొసకి నడవాలి, సూపర్‌వైజరు గొణుగుతాడు. అందుకని తాగకుండా పనిచెయ్యడం అలవాటు చేసుకున్నాడు. గడ్డికీ పూలమొక్కలకీ పూటపూటా పైపులతో పట్టేవాడు, తను మాత్రం గొంతు తడుపుకునేవాడు కాదు. కిడ్నీలు రెండూ చెడిపోయాయని తేలాక వచ్చేశాడు. కారణం అదొక్కటే అని ఏ డాక్టరూ అనలేదు. వాడు మాత్రం అదే అనుకున్నాడు.

నేను పత్రికలో జిల్లా వార్తలు దిద్దే బల్ల దగ్గర చాలా ఏళ్లు కూర్చున్నాను. గల్ఫ్ నుంచి తిరిగొచ్చిన ఫలానా గ్రామస్తుడు అనారోగ్యంతో మరణించాడన్న వార్తలు ఎన్ని నా చేతుల మీదుగా వెళ్లాయో చెప్పలేను. అవన్నీ ఒకేలా ఉండేవి. ఊరి పేరు, వయసు, వెనక ఉన్నవాళ్లు ఎవరెవరు. మనిషి ఏం తెచ్చుకున్నాడో ఎవరూ రాసేవారు కాదు.

తమ్ముడి కాపురం కొత్తపేటలో. ఇంటి ముందు పంటకాలువ, పెరట్లో ఐదారు కొబ్బరిచెట్లు. కూతురికి పెళ్లై రాజోలులో ఉంటోంది. రోజు విడిచి రోజు డయాలిసిస్‌కి అమలాపురం రావాలి. నేను ఉద్యోగం మానేసి అక్కడే ఇల్లు తీసుకున్నాను కాబట్టి, అయిపోయాక మా ఇంటికి వచ్చి, ముందుగదిలో బల్ల మీద కాసేపు పడుకుని, కాస్త తిని బస్సెక్కేవాడు. చిన్నప్పటి తర్వాత వాణ్ని అంత దగ్గరగా చూసింది ఆ రోజుల్లోనే.

జబ్బు వాడి చేత చాలా మాన్పించింది. వాటిల్లో నీళ్లు మొదటిది. ఒంట్లో చేరిన నీరు బయటికి పోయే దారి లేదు కాబట్టి, తాగేది కొలిచి తాగాలి. కూతురు చిన్నప్పుడు పాలు తాగిన స్టీలు గ్లాసొకటి ఉంటే దాన్ని వాడి నీళ్ల గ్లాసు చేసింది మా మరదలు. మధ్యలో మరీ నోరెండితే ఒక ఐసుముక్క. గుమ్మం ముందు కాలువ నిండుగా పారుతుంటే వాడు బుగ్గలో ఐసుముక్క పెట్టుకుని అరుగు మీద కూర్చునేవాడు.

రెండోది కొబ్బరినీళ్లు. వాటిల్లో ఉండే పొటాషియం అనే లవణాన్ని పాడైన కిడ్నీ బయటికి పంపలేదు, అది రక్తంలో పెరిగితే గుండె ఆగిపోవచ్చు అని డాక్టరు కాగితం మీద రాసి, కింద గీత గీసి మరీ చెప్పాడు. మాకు అర్థమైంది. మా చుట్టాలకి అర్థం చెయ్యడం ఎవరి వల్లా కాలేదు. ఇక్కడ మనిషి నీరసంగా ఉంటే బొండం, జ్వరం వస్తే బొండం, పలకరించడానికి వెళ్తే చేతిలో బొండాల గెల.

“కొబ్బరినీళ్లు కూడా పడవన్నాడా? ఎక్కడి డాక్టరండీ ఆయన?” అని అడిగింది ఒక పెద్దావిడ.

“మనూరేనండి,” అన్నాడు తమ్ముడు.

“మనూరు డాక్టరే? అయితే మరీ విడ్డూరం!”

ఆమె వెళ్లాక తెచ్చిన గెల పెరటిగోడ పక్కన పడుండేది. వాడు దాని వంక చూసి నవ్వేవాడు. “జిల్లా బహిష్కరణ చేసినట్టుంది అన్నయ్యా నన్ను, జిల్లాలోనే ఉంచి.”

రాయి సంగతి నెమ్మదిగా బయటపెట్టాడు. వాడు పనిచేసిన హోటల్లో శ్రీలంక ఆయన ఒకడుండేవాడట. లోపలి కుండీలన్నీ ఆయనవే. ఆయన తన గది కిటికీలో ఒక రాతి మీద మొక్కని పెంచాడు. చెట్టు రాతి నెత్తిన కూర్చుని ఉంటుంది, దాని వేళ్లు బయటికి కనిపిస్తూ, పండుని పట్టుకున్న పిడికిలిలా రాయిని పట్టుకుని కిందికి దిగి మట్టిలో కలుస్తాయి. తమ్ముడు సెలవురోజు ఎండిపోయిన వాగులో తిరిగి, గాట్లున్న ఆ రాయిని ఏరుకుని, మంచం కింద ఏళ్లపాటు దాచుకున్నాడు. వేరు జారకుండా కూర్చోవడానికి గాట్లు కావాలిట.

“మన మట్టిలో కర్ర గుచ్చినా చిగురేస్తుంది. అందులో మన గొప్పేముంది? రాయి మీద నిలబెట్టాలి అన్నయ్యా. అది నిలబడితే చూడాలనుంది నాకు,” అన్నాడు. ఎంతకాలం పడుతుందని అడిగాను. కట్టిన దగ్గర్నించి ఒక ఏడాదైనా మట్టిలో ఉండాలన్నాడు. ఆ ఏడాది గురించి ఇద్దరం ఇంకేం మాట్లాడుకోలేదు.

కార్తీకమాసంలో, డయాలిసిస్ లేని రోజు చూసుకుని, రావులపాలెం మీదుగా కడియపులంక వెళ్లాం. వాడికి కావలసిన మొక్క పేరు షెఫ్లెరా. పేరు తెలియకపోయినా చూడని వాళ్లుండరు. బ్యాంకుల్లో, ఆసుపత్రి వరండాల్లో కుండీల్లో ఉంటుంది. ఒక కాడ చివర ఆకులన్నీ గొడుగు చువ్వల్లా గుండ్రంగా విచ్చుకుని ఉంటాయి. నర్సరీలో వరసలు వరసలుగా ఉన్నాయి. తమ్ముడు వాటిని వదిలేసి, చివర్న తుక్కులో పడున్న దాన్ని తీశాడు. కవరు చిరిగి కింద నుంచి వేళ్లు జడల్లా వేలాడుతున్నాయి.

“అది వద్దండి, కవర్లోనే ముదిరిపోయింది. ఇదిగో ఇది చూడండి, ఎంత కళగా ఉందో,” అన్నాడు నర్సరీ ఆయన.

“ఆకులు కాదండి, నాకు వేళ్లు కావాలి.”

“వేళ్లేం చేసుకుంటారండి?”

“రాయికి కడతానండి.”

నర్సరీ ఆయన నా మొహం చూశాడు, ఈయనకి ఒంట్లో బాగానే ఉందా అన్నట్టు. నేను డబ్బులు తీసి ఇవ్వడంతో, “ఆయ్, మీ ఇష్టవండి,” అని కవరు చేతికిచ్చాడు.

కట్టింది పెరటి వైపు అరుగు మీద. పళ్లెంలో కాలువ నీళ్లు పోసి, వేళ్లకున్న మట్టి అంతా కడిగి, చిక్కు తీశాడు. మొక్క మొదలుని రాతి నెత్తిన కూర్చోబెట్టి, ఒక్కొక్క వేరునీ ఒక్కొక్క గాట్లో పరిచాడు. అది జారకుండా చుట్టూ ప్లాస్టిక్కు బిగించాలి. పెట్టెకి చుట్టి వచ్చిన ప్లాస్టిక్కుని మరదలు అంగుళం వెడల్పు పేలికలుగా కత్తిరించి పెట్టింది. చుట్టేటప్పుడు తెలిసింది, అది ఒక్క చేత్తో అయ్యే పని కాదని. వాడి ఎడమచెయ్యి డయాలిసిస్ సూదుల కోసం ఆపరేషన్ చేసిన చెయ్యి. దాన్ని బిగించి వాడకూడదు. నేను రాయి పట్టుకున్నాను.

“ఇలా రా, ఎడమచెయ్యివ్వు,” అన్నాడు భార్యతో.

ఆమె పక్కన కూర్చుని ఎడమచెయ్యి ఇచ్చింది. వాడు కుడిచేత్తో పేలిక లాగి అందిస్తే, ఆమె ఎడమచేత్తో రాతి వెనక నుంచి అందుకుని మళ్లీ ముందుకి తెచ్చేది. వాడి చెయ్యి, ఆమె చెయ్యి, వాడి చెయ్యి. “బిగువు చాలదు,” అనేవాడు. “ఇంకా బిగిస్తే చచ్చిపోతుందండీ,” అనేది. “చావదు. పట్టుకోవడం నేర్చుకుంటుంది.” చివరికి రాయి కనిపించకుండా, కట్టుకట్టిన మోకాలిలా తయారైంది. దాన్ని అడుగున చిల్లులు పెట్టిన రంగుడబ్బా బకెట్టులో దింపి, కొబ్బరిపొట్టూ ఇసకా ఇటుకముక్కలూ కలిపి పైదాకా నింపారు. పైకి కనిపించేది ఆకులే.

పక్కింటావిడ గోడ మీంచి చూసి, “అంత దూరం నుంచి రాయి మోసుకొచ్చి పాతిపెట్టేసేరేంటండీ!” అంది.

“మొలుస్తుందేమో చూద్దామనండి,” అన్నాడు తమ్ముడు. చాలా రోజులకి ముగ్గురం గట్టిగా నవ్వాం.

ఆ సాయంత్రం నేను బస్టాండుకి బయల్దేరేముందు వాడు నాతో చెప్పిన మాటలు బాగా గుర్తున్నాయి. ఐసుముక్కని ఒక బుగ్గ నుంచి ఇంకో బుగ్గకి మార్చుకుంటూ చెప్పాడు. “పైనే తడి దొరికితే వేరు కిందికి పోదన్నయ్యా. పైన ఆరుతూ ఉండాలి. దానికి దాహం వెయ్యాలి. అప్పుడే రాయి పట్టుకుని నీటి కోసం కిందికి దిగుతుంది. వచ్చే కార్తీకానికి విప్పుదాం. ఆ తర్వాత ఉంచితే మాత్రం ఆ ప్లాస్టిక్కే వేళ్లని కోసేస్తుంది.”

ఆ చలికాలమంతా మొక్క ఊరికే ఉంది. మాఘంలో కొత్త ఆకులు వేసింది. వాడు రోజూ పొద్దున్నే బకెట్టులో వేలు గుచ్చి చూసి, రెండు కణుపుల లోతున పొడిగా ఉంటేనే నీళ్లు పోసేవాడు. తడిగా ఉంటే చెంబు అలాగే వెనక్కి తెచ్చేవాడు. తెచ్చిన చెంబులోకి ఒక్కోసారి అలా చూస్తూ నిలబడేవాడని మరదలు తర్వాత చెప్పింది.

రోహిణీ కార్తె ఎండల్లో పోయాడు.

దాచడానికేమీ లేదు, ఆమె కూడా ఏమీ దాచలేదు. ముందురోజు మధ్యాహ్నం కరెంటు పోయింది. చుట్టాలెవరో వచ్చారు, వాళ్లకోసం బొండాలు కొట్టించింది. వాళ్లు వెళ్లాక ఒకటి మిగిలింది. వాడు గోడకి చేరబడి కళ్లు మూసుకుని ఉన్నాడు. పెదాలు పగిలి ఉన్నాయి. కళ్లు తెరవకుండానే, “ఒక్క గుక్క పొయ్యవే,” అన్నాడట. ఆమె వద్దంది. మళ్లీ అడిగాడు. ఇంత జబ్బులోనూ ఏదీ రెండోసారి అడగని మనిషి. ఆమె ఆ స్టీలు గ్లాసు నిండా పోసింది. తాగి, “మన చెట్టుదేనా?” అన్నాడు. మనదే అంది. తెల్లవారుతుంటే ఆయాసం వచ్చింది. ఆటోలో అమలాపురం తీసుకొస్తుండగా దారిలోనే అయిపోయింది. దాని వల్లే అని చెప్పలేం, వేసవిలో ఇలాంటి కేసు ఏ రోజైనా ఇలా అవ్వొచ్చు అన్నాడు డాక్టరు.

“నేనే పోసేనండీ, నా చేత్తో నేనే పోసేను,” అని ఆమె వచ్చినవాళ్లందరికీ చెప్పింది. వచ్చినవాళ్లందరూ ఒకే మాట అన్నారు. “ఊరుకో అమ్మా. కొబ్బరినీళ్లకి మనిషి పోతాడా ఎక్కడన్నా?” ప్రేమగా అన్న మాటే. పైగా మా సీమలో నిజంగా ఎవరూ నమ్మరు, కొబ్బరినీళ్లు మనిషికి చెడు చేస్తాయంటే. నేనూ అదే అన్నాను. కాస్త తీరిగ్గా ఆలోచిస్తే ఇప్పుడనిపిస్తుంది, అందరూ తప్పే లేదన్నవాళ్లే కావడంతో, తప్పు చేశానన్న మనిషి ఒక్కతే మిగిలిపోయింది.

కర్మలు గౌతమి ఒడ్డున జరిగాయి. మాలో పోయిన మనిషిని ఒక రాతిలోకి పిలిచి, పదిరోజులూ ఆ రాతికే నువ్వులూ నీళ్లూ వదులుతారు. పోయినవాడికి దాహం ఎక్కువగా ఉంటుందని, అది తీరాలని. పురోహితుడు రాయి కావాలంటే ఒడ్డున ఎక్కడా లేదు. ఎవరో వెళ్లి రోడ్డు పనికి పోసిన కుప్పలోంచి ఒక కంకర రాయి తెచ్చారు. దాని మీదే రోజూ దోసిళ్లతో నీళ్లు పోశాం. మా తమ్ముడికి అన్ని నీళ్లు వాడు బతికున్న ఆఖరి ఏడాదిలో ఎవరూ పొయ్యలేదు. పదోనాడు ఆ రాయిని ఏట్లో వదిలేశాం.

ఇంటికొచ్చాక మరదలు అడిగింది, “రాయేం చేసేరు బావగారూ?”

“ఏట్లో వదిలేశాం అమ్మా.”

ఆమె పెరటి అరుగు వైపు చూసింది. మర్నాటి నుంచి బకెట్టుకి పొద్దునొక చెంబు, సాయంత్రమొక చెంబు నీళ్లు పొయ్యడం మొదలుపెట్టింది. వేలు గుచ్చి చూడటం లేదు. ఇంకొకటి కూడా మొదలైంది. ఆ పెరట్లో చెట్లు దింపినప్పుడు కాయలన్నీ బేరగాడికి వెళ్లిపోయేవి. ఇంటికి ఎవరొచ్చినా టీ ఇచ్చేది. బొండం కొట్టడం ఆ ఇంట్లో ఆగిపోయింది.

కార్తీకం వచ్చింది. నేను కొత్తపేట వెళ్లాను. మొక్క ఎత్తు పెరిగింది కానీ కింది ఆకులు లేత పసుపులో ఉన్నాయి. బకెట్టు పైన పాచి పట్టి నల్లగా మెరుస్తోంది. టీ తాగాక నెమ్మదిగా అన్నాను, “విప్పే రోజులొచ్చాయమ్మా. వాడు చెప్పాడుగా, ఈ కార్తీకానికని.”

“ఇంకొన్నాళ్లుండనివ్వండి.”

“ఉంచితే ప్లాస్టిక్కు వేళ్లలోకి దిగిపోతుందన్నాడు. చెట్టు పోతుంది.”

“విప్పితే మాత్రం ఏముంటుందండీ?” అంది. “ఆయన బట్టలు ఇచ్చేసేం. మంచం తీసేసేం. ఏట్లో రాయి కూడా వదిలేసి వచ్చేరు మీరు. ఆయన చెయ్యి పెట్టి, పెట్టినట్టే ఉన్నది ఆ కట్టొకటే. దాన్ని కూడా నా చేత్తోనే తీసెయ్యమంటారా?”

“పోనీ, నీళ్లన్నా తగ్గించు. వాడే అన్నాడు, దానికి దాహం వెయ్యాలని...”

“దాహం సంగతి నాకు చెప్పకండి బావగారూ,” అంది. గొంతు పెంచలేదు. మా వైపు ఆడవాళ్లు బావగారి మాటకి అలా అడ్డు రారు. అడ్డొచ్చినందుకు ఆమే నొచ్చుకుని, తలదించుకుని గ్లాసులు లోపలికి పట్టుకెళ్లిపోయింది. నేను బస్సెక్కేశాను.

తర్వాత ఫోన్లో మొక్క ఊసు ఇద్దరం ఎత్తలేదు. సంక్రాంతి వెళ్లాక రాజోలు నుంచి కూతురు వచ్చి చూసి, ఆకులన్నీ రాలిపోతున్నాయి పెదనాన్నా, అమ్మ రాలినవాటిని ఊడ్చి పెరట్లో పొయ్యకుండా దోసిట్లో పట్టుకెళ్లి కాలువలో వేస్తోంది అని చెప్పింది. వాడు చూడాలనుకున్నది ఒక్కటే. అది వాడి భార్య కళ్లముందు, ఆమె పోసిన నీళ్లలోనే మునిగిపోతోంది. వెళ్లి బలవంతంగా విప్పే హక్కు నాకు లేదు.

శివరాత్రి ముందు ఒక పొద్దున్న ఫోన్ వచ్చింది.

“బావగారూ, బకెట్టు దగ్గర వాసనొస్తోందండి. ఓసారి వస్తారా?”

“ఏం వాసనమ్మా?”

“కాలవ కట్టేసినప్పుడు వస్తుందే, ఆ వాసనండి.” వేసవిలో కాలువలకి నీళ్లాపినప్పుడు అడుగు మట్టి కుళ్లి ఊరంతా వచ్చే వాసన అది. మళ్లీ తనే అంది, “ఆయన దగ్గర ఆ వాసన రానివ్వకూడదు కదండీ.”

వెళ్లేసరికి అరుగు కడిగి, చాప పరిచి ఉంచింది. బకెట్టు ఇద్దరం కలిసి పక్కకి వంచాం. చిల్లులు పూడి నిలిచిపోయిన నల్లటి నీళ్లు, కుళ్లిన పొట్టు, ఆ తర్వాత జారుకుంటూ కట్టు. నేను కత్తెర తీశాను. ఆమె తల అడ్డంగా తిప్పింది. ప్లాస్టిక్కు కొస ఎక్కడుందో గోటితో వెతికి పట్టుకుని, కట్టినప్పుడు ఎటు తిరిగిందో దానికి ఎదురు తిప్పుతూ విప్పడం మొదలుపెట్టింది. ఆ రోజు వాడి కుడిచెయ్యి చేసిన పని ఆమె కుడిచెయ్యి చేస్తోంది. ఎడమచెయ్యి రాతి వెనక నుంచి అందుకుంటోంది. నేను అప్పటిలాగే రాయి పట్టుకున్నాను.

ముందువైపు, ఆమె రోజూ నిలబడి చెంబు వంచే వైపు, వేళ్లన్నీ పోయాయి. పేలిక లాగగానే నల్లటి తొక్కలా దాంతోపాటు ఊడి వచ్చేశాయి. గాట్లు ఖాళీగా, నున్నగా బయటపడ్డాయి. ఆమె ఆగలేదు. చివరి చుట్లు వెనకవైపు. గోడ వైపు ఉన్నది అది. అక్కడికి నీళ్లు అంతగా చేరినట్టు లేదు.

అక్కడ వేళ్లున్నాయి. చిటికెనవేలంత లావెక్కి, గాట్లలో ఇరుక్కుని, ఒకచోట గాటు దాటి పక్క గాట్లోకి వంగి, అడుగుదాకా దిగాయి. ప్లాస్టిక్కు అంచులు కోసిన చోట అడ్డంగా గీతలు పడ్డాయి, కానీ తెగలేదు. నేను గోరు దూర్చి ఒకదాన్ని కదపబోయాను. కదల్లేదు. రాయీ వేరూ ఒకటే అయిపోయినట్టుంది.

ఆమె ఆ వేరు మీద చెయ్యి పెట్టి చాలాసేపు ఉంచింది. “పట్టుకుంది,” అంది. తర్వాత రాయిని ఇటు తిప్పి, ఖాళీ గాట్లలో వేలు పెట్టి పైనుంచి కిందికి రాసింది.

“ఇటువైపంతా నేనే పాడుచేసేను బావగారూ. నీళ్లు పోసి పోసి.”

అలవాటైన మాట నోటిదాకా వచ్చింది, ఊరుకోమ్మా, నీ తప్పేముంది అని. ఆ మాట ఆమె ఎన్నిసార్లు విని ఉంటుందో నాకు తెలుసు.

“ఔనమ్మా,” అన్నాను. “ఎక్కువైపోయాయి. పొయ్యకుండా ఉండాల్సింది.”

ఆమె తలెత్తి నా వంక చూసింది. మొక్క గురించే అన్నానో, ఇంకోదాని గురించి అన్నానో అడగలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. వాడు పోయిన నాటి ఏడుపు నేను చూశాను, అది పదిమందిలో ఏడ్చిన ఏడుపు. ఇది వేరు. రాయిని ఒళ్లో పెట్టుకుని, దాని బురద చీరకంటుకుంటున్నా వదలకుండా, చప్పుడు లేకుండా ఏడ్చింది. నేను ఓదార్చలేదు. కుళ్లిన వేళ్లని కత్తెరతో తీసేస్తూ కూర్చున్నాను.

ఏడుపయ్యాక లేచి ఇసకా ఇటుకముక్కలూ తెచ్చింది. వెడల్పాటి మట్టిమూకుడులో రాయిని నిలబెట్టాం. వేళ్ల కొసలు మాత్రం మట్టిలో, మిగిలిందంతా బయటికి. నాలుగైదు ఆకులతో, ఒకవైపు బోసిగా, చెట్టు కొంచెం వెనక్కి ఒరిగి నిలబడింది. వాడు చూపించాలనుకున్న చెట్టు ఇది కాదు. కానీ నిలబడింది.

ఆమె అలవాటుగా చెంబు ముంచి తెచ్చింది. మూకుడు మీద వంచబోయి ఆగింది.

“పొయ్యచ్చాండీ?”

“కోసిన చోట్లు ఆరాలమ్మా. ఇవాళ వద్దు. రేపు.”

“ఆయ్, రేపు.”

చెంబులో నీళ్లు తీసుకెళ్లి తులసికోటలో పోసి, ఖాళీ చెంబుని అరుగు మీద బోర్లించింది. చెట్టు వంక చూస్తూ నిలబడింది. ఎండ మూకుడు దాకా వచ్చింది. ఆకులు కాస్త వాలి ఉన్నాయి. ఆమె చెయ్యి రెండుసార్లు చెంబు దాకా వెళ్లి వెనక్కొచ్చింది.

నేను కాళ్లూ చేతులూ కడుక్కుని బస్సు టైమవుతోందన్నాను. టీ పెడుతుందనుకున్నాను. ఆమె పెరట్లోకి వెళ్లింది. కత్తి చప్పుడు వినిపించింది. తిరిగొచ్చినప్పుడు చేతిలో చెక్కిన బొండం ఉంది, కొట్టినప్పుడు ఒలికిన నీళ్లు ముంజేతి మీంచి కారుతున్నాయి.

“ఎండలో వెళ్తారు. తాగండి బావగారూ.”

రెండు చేతులతో అందుకున్నాను. అది పూర్తయ్యేదాకా, చివరి గుక్క దాకా, ఆమె నా గొంతు వంకే చూస్తూ నిలబడింది.